కూపర్ నది ఒడ్డున బయటపడ్డ పాత పడవను ఎలా కొలవాలి

అమెరికాలోని సౌత్ కరోలినాలో, కూపర్ లాంటి నదుల ఒడ్డున, పాతకాలపు వరి తోటల పడవలు, పాత రేవుల దగ్గర బురదలో కూరుకుపోయి ఉంటాయి. నీటి అడుగు పురావస్తువులను కాపాడే ఆ రాష్ట్ర 1991 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాటిని కదిలించకూడదు, మేకు కూడా పీకకూడదు.

అమావాస్యకో పౌర్ణమికో ఆటు బాగా లాగుతుంది. నీరు పూర్తిగా తగ్గకముందే టేపు సిద్ధంగా ఉండాలి, పోటు మీ కోసం ఆగదు. పడవ నడిమి గీత వెంట టేపును బిగించి కట్టండి. సున్నా ఏ చివర ఉందో రాసుకోండి. తర్వాత ప్రతి 50 సెం.మీ.కి అడ్డంగా అంచు దూరం, లోతు కొలవండి. టేపు సడలితే వంపులన్నీ తప్పుగా వస్తాయి. నీటిమట్టపు గొట్టంతో సరిచూసుకోండి.

పలకల మందం, పక్కటెముకల (పలకలను లోపల పట్టి ఉంచే అడ్డ చెక్కల) మధ్య దూరం, బిగింపు చెక్క మేకులతోనా ఇనుముతోనా అన్నది విడిగా రాయండి. పడవ ఎలా కట్టారో చెప్పేది ఈ వివరాలే.

తడి చెక్క ఎండితే ముడుచుకుని పగులుతుంది. అందుకే నీళ్లు చిలకరిస్తూ, గోనె కప్పుతూ పనిచేసి, చివర్లో అదే బురదతో మూసేయండి.

దగ్గర్లోని వరి పొలాల గట్టునూ, నీళ్లు వదిలే చెక్క తూమునూ అదే పటంలో చేర్చండి. ఆ గట్లు పోసింది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు. వాళ్ల శ్రమను వదిలేస్తే పటం సగమే.