టాక్స్ కాలిక్యులేటర్‌లో ఊరి ఆదాయం: అమెరికాకు కొత్తగా వచ్చిన మన జిల్లాలవారికి

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక తమ్ముడు మొన్న అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వారి విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్‌లో (జీతంలోంచి కోసే పన్ను సరిపోతుందో లేదో చూపే ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో) పే స్టబ్ (జీతం చీటీ) అంకెలు నింపి, రిఫండు వస్తుందని చూపగానే విమానం టికెట్ల ధరలు వెతకసాగాడు. నల్లగొండ బ్యాంకులోని ఎఫ్‌డీ సంగతి అడిగితే, "అది ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచే ప్రవాసుల ఖాతా) అన్నా, దానికి టాక్స్ లేదు గదా" అన్నాడు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఆ ఎస్టిమేటర్‌లో జీతం, 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు, ఇప్పటికి కోసిన పన్ను మీరే నింపగలరు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇద్దరి అంకెలూ వేయాలి. నాన్‌రెసిడెంట్లైన (పన్ను లెక్కకు అమెరికా నివాసులు కాని) ఎఫ్-1 విద్యార్థులూ, జూలై దాటాక హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద దిగి ఆ ఏడాదికి నాన్‌రెసిడెంట్లుగా మిగిలేవారూ ఆ ఎస్టిమేటర్ జోలికి పోవద్దు, అది వారి కోసం చేసింది కాదు.

నేను వచ్చిన కొత్తలో ఎవరినైనా అడగడానికి మొగమాటపడి, పే స్టబ్‌లోని కోతలు చూసుకుంటూ నిద్రలేని రాత్రులు గడిపిన కాలంలో కూడా నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. పన్ను లెక్కకు రెసిడెంటు అయ్యాక మీ ఆదాయం ఏ దేశంలో పుట్టినా అమెరికా లెక్కలోకి వస్తుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి మినహాయింపు ఇచ్చింది భారత ప్రభుత్వమే తప్ప అమెరికా కాదు. సాగర్ ఎడమ కాలువ కింద మీ పేరున ఉన్న రెండెకరాల కౌలు, గుత్తకిచ్చిన బత్తాయి తోట పైసలు, మహబూబ్‌నగర్‌లోని ఇంటి కిరాయి, వీటిలో ఏదీ పే స్టబ్‌లో కనబడదు కనుక మీరు చెప్పనిదే కాలిక్యులేటర్‌కు తెలియదు. వ్యవసాయ ఆదాయానికి అక్కడ పన్ను లేదని ఇక్కడ వాదిస్తే చెల్లదు. 20 లక్షల ఎఫ్‌డీపై 7 శాతం వడ్డీ 1,40,000 రూపాయలు. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే దానిపై ఫెడరల్ పన్నే 30,800 రూపాయలు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో రాష్ట్రం వాటా అదనం, టెక్సాస్‌లో ఆ బాధ లేదు.

అక్కడి లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబరు వరకు నడుస్తుంది కాబట్టి, ఊళ్ళో ఆడిటర్ పంపిన అంకెను యథాతథంగా వేయకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించుకొని నెలలవారీగా కూడండి. ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసులు ఊరి ఆదాయం వేసుకునే) ఖాతా అయితే టీడీఎస్ (బ్యాంకు ముందే కోసే పన్ను) పోను మిగిలింది కాదు, మొత్తం వడ్డీ వేయాలి.

ఇంతగా బెదిరించాను కాబట్టి ఇదీ చెప్పాలి. అక్కడ న్యాయంగా కట్టిన పన్నుకు ఇక్కడ ఫారిన్ టాక్స్ క్రెడిట్, అంటే ఇక్కడి పన్నులో తగ్గింపు, దొరుకుతుంది. రిటర్ను వేసేనాటికి బాకీ 1,000 డాలర్ల లోపు తేలితే, ముందుగా కట్టలేదన్న జరిమానా ఉండదు. అంతకు మించేలా ఉంటే కంపెనీ హెచ్‌ఆర్‌కు కొత్త డబ్ల్యూ-4 (జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే ఫారం) ఇచ్చి, 4(సి) వరుసలో ప్రతి జీతం నుంచి అదనంగా ఎంత కోయాలో రాయండి; ఈ పని దసరాలోపు చేస్తే డిసెంబరు జీతం దాకా ఆ భారం కొద్దికొద్దిగా సర్దుకుంటుంది.