దీపం ఆరిపోయిన ఊరికి వికీలో పేజీ పెట్టాలా?

మా తాతవాళ్ల ఊరు ఇప్పుడు లేదు, దాని మీద వికీపీడియాలో రాయొచ్చా అంటే, ముందు ఆ ఊరు రికార్డుల్లో ఏమని ఉందో చూడండి. తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో జనం లేని ఊరిని బేచిరాగ్ అంటారు, అంటే దీపం లేనిది (ఎవరు పెట్టారో గానీ గుండె పిండే మాట). జనాలు పోయినా రెవెన్యూ గ్రామంగా పేరు, సర్వే నంబర్లు అలాగే ఉంటాయి. అధికారిక గుర్తింపు ఉండి ఒకప్పుడు మనుషులు బతికిన ఊరైతే, ఇప్పుడు ఖాళీ అయినా మామూలుగా పేజీకి అర్హతే. ఒకసారి వచ్చిన ప్రాముఖ్యత ఊరు పోతే పోదు.

చిక్కంతా మజరాలతో, అంటే పెద్ద ఊరి కింద లెక్కయ్యే చిన్న పల్లెలతో. పది ఇళ్ల శివారు పల్లెకి జనగణనలో విడిగా లెక్క ఉండకపోవచ్చు, అప్పుడు దాని గురించి వేరేవాళ్లు కాస్త వివరంగా రాసినదేదైనా కావాలి. మ్యాప్‌లో పేరు కనిపిస్తే చాలదు, ఆ పేరు ఊరిదా, గుట్టదా, రైల్వే హాల్టుదా అన్నది మ్యాప్ చెప్పదు.

పాత జనగణన పుస్తకాలు, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు వెతకండి, ఉర్దూ చదివేవాళ్లని వెంట తీసుకెళ్తే మేలు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ లాంటి జలాశయం కింద పోయిన ఊరైతే భూసేకరణ ఫైళ్లు అడగండి. నానమ్మ చెప్పిన కథ దారి చూపిస్తుంది, ఆధారంగా మాత్రం చెల్లదు. రెండు వాక్యాలకి మించి దొరక్కపోతే పక్క ఊరి పేజీలోనే ఒక పేరా పెట్టేయండి.