వార్డు పోస్టింగ్‌కి వెళ్లే నర్సింగ్ విద్యార్థులకు: కొలిచాకే రాయండి

ఏ జనరల్ వార్డులోనైనా టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులు వరసగా తిరగేయండి. నాడి ఒకరికి 76, ఇంకొకరికి 110. శ్వాస దగ్గరికొచ్చేసరికి అందరికీ 20. వార్డు వార్డంతా ఒకే లెక్కన ఊపిరి పీల్చడం జరగదు, ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. మొదటి పోస్టింగ్‌లోనే విద్యార్థికి అంటుకునే చెడ్డ అలవాటు ఇది. పేషెంటు పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరుగుతుంది. ఆ గడిలో 20 అని రాసిపారేస్తే ముందుగా తెలియాల్సింది తెలియకుండా పోతుంది.

వెళ్లేముందు చూసుకోవాల్సినవాటిలో హెపటైటిస్-బి టీకా మొదటిది. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మొత్తం ఆరు నెలల పని కాబట్టి కాలేజీలో చేరిన వారంలోనే మొదలుపెట్టాలి. మూడో డోసు అయిన నెల నుంచి రెండు నెలల లోపు టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించుకోండి. 10 ఎంఐయూ/ఎంఎల్, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టు. జేబులో సెకన్ల ముల్లున్న వాచీ, చిన్న నోట్‌బుక్, రెండు పెన్నులు, కత్తెర, ప్లాస్టర్ ఉంటే చాలు. మణికట్టు మీద ఏమీ ఉండకూడదు. గాజులు, ఉంగరాలే కాదు, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడిలో కట్టించుకున్న దారమైనా విప్పి పర్సులో పెట్టుకోవాల్సిందే. తడిసిన దారం కింద చెయ్యి ఎంత రుద్దినా శుభ్రం కాదు. హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు.

ఉదయం షిఫ్టు 8 గంటలకైతే 7.45కి వార్డులో ఉండండి. తెనాలి నుంచో మంగళగిరి నుంచో వచ్చేవాళ్లు బస్సు ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే హ్యాండోవర్, అంటే దిగిపోయే షిఫ్టు వాళ్లు అప్పగించే పేషెంట్ల వివరాలు, మళ్లీ ఎవరూ చెప్పరు. మీకిచ్చిన ప్రతి బెడ్‌కీ జబ్బేమిటి, ఏ ఫ్లూయిడ్ నడుస్తోంది, ఇంకా ఎంత మిగిలింది, క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఉందా, నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారా, ఏ శాంపిల్ పంపాలి అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి.

పేషెంటును గుర్తించడం మన ఊళ్లలో ప్రత్యేకమైన చిక్కు. గుంటూరు వైపు వార్డులో ఇద్దరు కోటేశ్వరరావులూ ఒక కోటయ్యా ఉండటం వింతేమీ కాదు. బెజవాడలో దుర్గలు, కనకదుర్గలు. పేరు మీరు అందించకండి. ‘మీరు కోటేశ్వరరావు గారేనా?’ అంటే చెవులు సరిగా వినపడని తాతయ్య ఆఁ అని తలూపేస్తాడు, పక్క బెడ్ మాత్ర ఆయన నోట్లో పడుతుంది. ‘మీ పేరేంటి తాతయ్యా? ఇంటిపేరు?’ అని ఆయన చేతే చెప్పించాలి. తర్వాత కేస్ షీట్ మీది ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు చేతిపట్టీతో సరిచూడాలి. బెడ్ నంబరును నమ్మకండి. ఫ్యాను కింద గాలి బాగా వస్తుందని రాత్రికి రాత్రి మంచాలు మార్చుకునేవాళ్లుంటారు.

ఇక శ్వాస. నాడి నిమిషం పాటు లెక్కపెట్టాక చెయ్యి వదలకుండా, ఆ చేతిని అలాగే ఛాతీ మీద ఆనించి, ఇంకా నాడి చూస్తున్నట్టే ఉండి మరో నిమిషం ఛాతీ ఎగసిపడటం లెక్కపెట్టండి. ఊపిరి చూస్తున్నామని తెలిస్తే ఎవరైనా దాన్ని మార్చేస్తారు. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. బీపీకి ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే కఫ్ (బీపీ పట్టీ) చుట్టకండి. కఫ్ కింది అంచు మోచేతి మడతకు 2, 3 సెంటీమీటర్ల పైన ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఆనాలి, కఫ్‌లో గాలి ఒత్తిడి సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున దిగాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. గబగబా గాలి వదిలితే పై అంకె తక్కువగా వస్తుంది.

డ్రిప్ లెక్క నోటికి రావాలి. మిల్లీలీటర్లను ఐవీ సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో, అంటే మిల్లీలీటరుకు పడే చుక్కల సంఖ్యతో, గుణించి నిమిషాలతో భాగించడమే. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్‌తో అయితే 10,000ని 240తో భాగించాలి. నిమిషానికి సుమారు 42 చుక్కలు. డ్రాప్ ఫ్యాక్టర్ సెట్ కవరు మీదే ఉంటుంది, కవరు పారేసే ముందు చదవండి. 60 చుక్కల మైక్రోడ్రిప్ అయితే గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు, భాగహారం అక్కర్లేదు. ఒకసారి సరిచేసి వదిలేస్తే కుదరదు. చెయ్యి మడిచినా, పేషెంటు బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా వేగం మారుతుంది. ‘సిస్టరమ్మా, ఇంకా ఎంతసేపమ్మా’ అంటూ క్లాంప్ తిప్పేసే బంధువులు సరేసరి.

ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టులో ‘ఒక గ్లాసు’ అని రాస్తే అది కొలత కాదు. వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో నీళ్లు నింపి, కొలజాడీలో పోసి ఎన్ని మిల్లీలీటర్లో ఒక్కసారి చూసుకోండి. జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు అన్నీ లెక్కలోకి రావాలి. కిడ్నీ పేషెంటుకు చుట్టాలు కొబ్బరిబోండం తెస్తే ఆపి, ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పండి. దాంట్లో పొటాషియం ఎక్కువ. మూత్రం పెద్దవాళ్లకు కిలో బరువుకు గంటకు 0.5 మి.లీ. కన్నా తగ్గితే, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. లోపు పడితే, షిఫ్టు అయ్యేదాకా ఆగకుండా చెప్పాలి.

మందులు ఇన్‌స్ట్రక్టరో స్టాఫ్ నర్సో పక్కన ఉంటేనే ఇవ్వాలి. అన్నిటికన్నా ఇన్సులిన్ దగ్గర జాగ్రత్త. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ (మందు సీసా), మిల్లీలీటరుకు 100 యూనిట్ల వయల్ రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 40 వయల్ నుంచి నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. తిరగబడి 100 వయల్‌కు ఎర్ర మూత సిరంజి వాడితే అదే 20 గీతకు 50 యూనిట్లు వెళ్తాయి, పేషెంటు షుగర్ పడిపోయి స్పృహ తప్పుతాడు. వయల్ మీది అంకె, మూత రంగు పక్కపక్కన పెట్టి చూపించి, పైకి చదివి, అప్పుడే లాగండి.

వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకూడదు. సూది తెల్లటి, గుచ్చుకుపోని డబ్బాలోకి. ఐవీ సెట్లు, క్యాథెటర్లు, గ్లోవ్స్ ఎర్ర సంచిలోకి. రక్తం అంటిన దూది, కట్టు కట్టే గాజ్ గుడ్డ పసుపులోకి. గాజు వయల్స్, ఆంప్యూల్స్ నీలంలోకి. గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు, పారే నీళ్లతో కడిగి అప్పటికప్పుడే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలవడం మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు. తిడతారని సాయంత్రం దాకా దాచేవాళ్లే ఈ విషయంలో ఎక్కువ నష్టపోతారు.

మీరు చేసిన పనులు నమోదు చేసే లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఆరోజే పెట్టించుకోండి. నెలాఖరుకు ఇన్‌స్ట్రక్టర్ మారిపోవచ్చు, మీరు చేసిన క్యాథెటరైజేషన్ చూసినవాళ్లే ఉండరు. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్షకు 80 శాతం హాజరు సరిపోయినా, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ నూరు శాతం పూర్తవ్వాలి. కాబట్టి సెలవు పెట్టిన రోజులను తేదీ, వార్డు పేరుతో లాగ్‌బుక్ చివరి పేజీలో రాసి ఉంచుకుంటే, వాటిని ఏ వార్డులో పూడ్చాలో సెమిస్టరు చివర కాలేజీలో మీరే చూపించొచ్చు.