డాబా మీద 2 కిలోవాట్ల సోలార్: ఉప్పు గాలికి, తుపానుకు నిలిచేలా ఎలా బిగించాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు సోలార్ పెట్టించుకునేవాళ్లు ప్యానెల్ ధర దగ్గరే గీచి గీచి బేరమాడతారు. సముద్రం దగ్గరి ఊళ్లలో ముందు దెబ్బతినేది మాత్రం దాన్ని మోసే ఇనుప స్టాండు.

మొదట కరెంటు బిల్లు తీయండి. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి, కాబట్టి నెలకు 240 యూనిట్లు కాలే ఇంటికి 2 కిలోవాట్లు చాలు. అంటే 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు, ఎండ తగిలే చోటు 200 చదరపు అడుగులు. కరెంటు సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే దరఖాస్తుకు ముందే మార్పించండి. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద వచ్చే 60,000 రూపాయల సబ్సిడీ పనంతా పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది. అదీ దేశంలో తయారైన ప్యానెళ్లకే.

చోటు ఎంచేటప్పుడు నీడ చూడండి. నీళ్ల ట్యాంకుకు దక్షిణం పక్కన పెడితే మేలు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నమే మీటరు ఎత్తు పిట్టగోడ నీడ ముప్పావు మీటరు దాకా ఉత్తరానికి పడుతుంది, పొద్దున సాయంత్రం ఇంకా సాగుతుంది. ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉంటాయి గనక కొబ్బరి మట్ట నీడ ఒకదాని మీద పడినా మిగతావాటి ఉత్పత్తీ తగ్గొచ్చు.

ఇక స్టాండు. దక్షిణ ముఖంగా 15 డిగ్రీల వాలు పెట్టండి. 2.28 మీటర్ల ప్యానెల్‌ను నిలువుగా వేస్తే పై అంచు కింది అంచు కంటే దాదాపు 2 అడుగులు ఎత్తుండాలి. కింద బట్టలు ఆరేసుకోవచ్చని స్టాండును ఎనిమిది అడుగులు లేపించేవాళ్లున్నారు. ఎంత ఎత్తు లేపితే గాలి అంత బలంగానూ పట్టి లాగుతుంది, దానికి తగ్గ బరువైన ఇనుము, దిమ్మెలు వేయకపోతే తుపానుకు ఆగదు. అడుగు ఘనపు కాంక్రీటు దిమ్మె 68 కిలోలే. దాన్ని ఊరికే స్లాబు మీద కూర్చోబెట్టకుండా, గచ్చు చెక్కి యాంకర్ బోల్టుతో స్లాబుకు పట్టించి, చుట్టూ నీరు దిగకుండా మూయించండి. రంగు పూసిన ఇనుము వద్దు, 80 మైక్రాన్ల హాట్ డిప్ (కరిగిన జింకులో ముంచి వేసే) జింకు పూత అడగండి. రంధ్రం వేసిన ప్రతిచోటా ఆ పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అప్పటికప్పుడు జింకు పెయింటు వేయించాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే.

ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ (దాన్ని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) దాకా వచ్చే డీసీ కరెంటుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి సోలార్ కేబుల్ వాడి, కనెక్టర్లు వాననీటిలో పడి ఉండకుండా స్టాండుకు కట్టండి. డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి ఎర్తింగ్ గుంతలు వేరువేరుగా ఉండాలి. ఇన్వర్టర్ నుంచి కరెంటు మీటరు దాకా ఏసీ వైరు సన్నగా, పొడవుగా ఉంటే మధ్యాహ్నం వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ఆగిపోతుంటుంది.

తుపానుకు లైను కరెంటు పోతే సోలారూ ఆగుతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదనే అలా చేశారు. అప్పుడూ లైటు వెలగాలంటే బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

చీమకుర్తి క్వారీల దగ్గర దుమ్ము కాస్త త్వరగా పేరుకుంటుంది. ఎండెక్కకముందే మెత్తటి గుడ్డతో కడగండి. ఉప్పు బోరునీళ్లయితే తెల్ల మరకలు కట్టకుండా వెంటనే తుడవాలి. ఏటా అక్టోబరు రాకముందే, తుపాన్ల కాలానికి ముందు, ప్యానెళ్లను పట్టి ఉంచే క్లాంపులన్నీ ఒకసారి బిగించి చూడండి.