పన్నెండు బోరు తుపాకీ బట్టుకు ఏ పూత?

పంట కాపలాకు లైసెన్సు మీద ఉంచుకున్న తుపాకీ బట్టుకు, అంటే భుజానికి ఆనించే చెక్క భాగానికి, అనంతపురం, కర్నూలు, కడప ఎండల్లో అవిసె నూనె పూతే సరైనది. బీరువాలోంచి ఏడాదికోసారి బయటికొచ్చేదైతే పీయూ (పాలీయురేథేన్ వార్నిష్) పర్వాలేదు. లక్క పాలిష్ మాత్రం వద్దు. మే నెలలో చెమట చెయ్యి తగిలితే జిగటగా అవుతుంది, వాన పడిన చోట తెల్ల మచ్చ కడుతుంది. తలుపులకు కొట్టే మెలమైన్ గట్టిదే గానీ పెళుసు, దెబ్బ తగిలితే అంచుల్లో పెచ్చులు లేస్తుంది. పీయూ నీటిని బాగా ఆపుతుంది, కానీ లోతు గీత పడితే అక్కడొక్కచోట సర్దడం కష్టం, మొత్తం గీకాల్సి వస్తుంది. అవిసె నూనె పూతకైతే గీత మీద నాలుగు చుక్కలు రుద్దితే కలిసిపోతుంది. నీటిని పూర్తిగా ఆపదు కాబట్టి తడిసిన రోజే తుడవాలి.

నూనె అన్నారు కదా అని ఇంట్లో ఉన్న బుడ్డల నూనె రాయకండి. అది గట్టిపడదు, దుమ్ము పట్టి ముక్కిన వాసన కొడుతుంది. అవిసె నూనెలోనూ పచ్చిది ఆరడానికి వారాలు పడుతుంది. పెయింట్ల అంగట్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ అని అడిగి తీసుకోండి, పావు లీటరు చాలు.

ముందు తుపాకీ తెరిచి, గొట్టంలో తూటా లేదని కళ్లతో చూశాకే బట్టు విప్పండి. వడ్రంగి దగ్గరికి చెక్క ఒక్కటే తీసుకెళ్లాలి. తుపాకీని అక్కడ వదిలి రావడం లైసెన్సుకే ముప్పు.

బట్టు వాల్‌నట్‌దైతే నూనె బాగా తాగుతుంది. విరిగిపోయి టేకుతో చేయించుకున్నదైతే టేకులోని సహజమైన నూనె పూతను ఆరనివ్వదు. ఉప్పు కాగితం పనంతా అయ్యాక థిన్నర్‌తో గట్టిగా తుడిచి, అది ఆరగానే అదే రోజు మొదటి పూత వేయండి. (ఎర్రచందనం ఊసే ఎత్తకండి. బట్టుగా బరువు, కేసుగా ఇంకా బరువు.)

పాత బట్ల అసలు రోగం ఇనుము కూర్చునే చోట ఉంటుంది. తుపాకీని నిలబెట్టి ఉంచితే గన్ ఆయిల్ కిందికి జారి చెక్కలోకి ఇంకుతుంది. అక్కడ చెక్క నల్లబడి మెత్తబడుతుంది, దాని మీద ఏ పూతా నిలవదు. సుద్ద పొడిని థిన్నర్‌తో చిక్కటి ముద్దగా కలిపి, ఆరుబయట, నిప్పుకు దూరంగా ఆ చోట పట్టించండి. ఎండలో ఆరితే సుద్ద నూనెను పీల్చి పసుపుపచ్చగా మారుతుంది. దులిపేసి మళ్లీ పట్టించండి. సుద్ద తెల్లగానే మిగిలే దాకా ఇదే పని.

సొట్టలుంటే తడిగుడ్డ పరిచి పైన వేడి ఇస్త్రీపెట్టె ఆనించండి, ఆవిరికి చెక్క ఉబ్బి లేస్తుంది. తర్వాత ఉప్పు కాగితం 180, 240, 320 వరుసలో, చెక్క నారల వెంబడే రుద్దాలి. చివర్లో తడిగుడ్డతో తుడిచి, లేచిన నారలను ఆరాక 320తోనే తీసేయండి. ఇనుమును ఆనుకునే అంచుల జోలికి పోవద్దు. అక్కడ అరగదీస్తే ఇనుము చెక్క కంటే పైకి తేలుతుంది, దాన్ని ఇక సరిచేయలేరు. గళ్లు చెక్కిన చోట ఉప్పు కాగితం వద్దే వద్దు, పాత పళ్ల బ్రష్ చాలు.

మొదటి పూతకు నూనె, టర్పెంటైన్ సగం సగం కలపండి. బట్టు వెనక పలక కింద, ఇనుము కూర్చునే గుంటలోనూ రాయాలి, తేమ ఎక్కువగా లోపలికి దూరేది అక్కడే. 15 నిమిషాలాగి, పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాతి పూతలకు నూనె చుక్కలుగా అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కే దాకా చెక్క మీద రుద్దండి. పూతకీ పూతకీ ఒక రోజు, వానాకాలమైతే రెండు రోజులు ఎడం ఇవ్వాలి. ఆరు పూతల తర్వాత మెరుపు కనిపిస్తుంది. త్వరగా తేలిపోతుందని దట్టంగా పూస్తే పైపొర ముడుతలు పడి, లోపల జిగట మిగిలిపోతుంది. అప్పుడు టర్పెంటైన్‌లో తడిపిన సన్నటి స్టీల్ వూల్‌తో తీసేసి మళ్లీ మొదలెట్టాలి.

నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరుతూ వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోగలవు. విప్పి బయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి. బట్టు బిగించాక తుపాకీని గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెడితే గన్ ఆయిల్ మళ్లీ చెక్కలోకి దిగదు.