పాత బాలింత వైద్య పుస్తకాలు చదవాలంటే

ప్రసూతి వార్డులో 30 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాక పాత వైద్య పుస్తకాల మీద పడ్డాను. తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి కొన్ని వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో అచ్చయినవి. వెల్‌కమ్ కలెక్షన్, ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. చదవాలనుకునే నర్సులకీ తల్లులకీ నేను చదివే పద్ధతి చెబుతాను.

ముందు విలియం కాడోగన్ పుస్తకం తీసుకోండి. 1748లో వచ్చింది, చాలా చిన్నది. తెరవగానే అది ఎవరికి రాశారో చూసుకోండి. లండన్‌లో దిక్కులేని పిల్లల కోసం 1741లో తెరిచిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ నిర్వాహకుల్లో ఒకరికి ఈ డాక్టరు రాసిన ఉత్తరం అది. అంటే తల్లికి చెప్పిన మాట కాదు, పిల్లల్ని దాదుల చేతికిచ్చి పెంచే సంస్థ పెద్దలకి చెప్పింది. అది గుర్తుంటే ఆయన గొంతు ఎందుకంత ఆజ్ఞలా ఉంటుందో తెలుస్తుంది.

పాత అచ్చులో ఎస్ అక్షరం చాలాచోట్ల ఎఫ్‌లా కనిపిస్తుంది. నర్సింగ్ కాస్తా నర్ఫింగ్ అవుతుంది. మొదటి నాలుగు పేజీలు పైకి చదివితే కన్ను అలవాటు పడిపోతుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పుస్తకం చెప్పింది, కుడివైపు ఇవాళ మనం వార్డులో చెప్పేది. నా నోటుబుక్కులో మొదటి వరుస ముర్రుపాలు. తల్లి మొదటి పాలే బిడ్డ కడుపుని శుభ్రం చేస్తాయి, పుట్టగానే వెన్న, చక్కెర, నూనె నోట్లో కుక్కొద్దు అంటారు కాడోగన్. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. మా నాయనమ్మ ముర్రుపాలు పిండి పారబోయించి బిడ్డ నాలుకకి తేనె, ఆముదం రాసేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తేనె సీసాతో మంచం పక్కన కూర్చున్న అమ్మమ్మల్ని ఎంత బతిమాలుకున్నానో! అదే పోరాటం అక్కడ 1748లో జరిగింది.

అదే మనిషి రోజుకి నాలుగుసార్లే పాలివ్వాలి, రాత్రి అసలు వద్దు అన్నారు. కుడివైపు నేను రాసింది: బిడ్డ అడిగినప్పుడల్లా, రాత్రి కూడా. ఒక మాట నిజమని తేలితే పక్క మాటని కూడా నమ్మేయాలనిపిస్తుంది. అందుకే ఆ గీత.

మందుల పేజీలు చదవండి గానీ ఒక్కటి కూడా చేసి చూడకండి. గ్రెయిన్లు, స్క్రూపుల్స్, డ్రామ్‌లని కొలతలుంటాయి. 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, మూడు స్క్రూపుల్స్ ఒక డ్రామ్. పళ్లొచ్చే బిడ్డ చిగుళ్లకి కుందేలు మెదడు రాయమంటాడు 16వ శతాబ్దపు ఇంగ్లండ్ వైద్యుడు థామస్ ఫేయర్. దానివల్ల పెద్ద ప్రమాదం లేకపోవచ్చు, నల్లమందు అలా కాదు. ఏడుపు మాన్పడానికి ఇంగ్లండ్‌లో పట్టిన గాడ్‌ఫ్రేస్ కార్డియల్ అనే సిరప్‌లో ఉండేది నల్లమందే. అది తాగి మళ్లీ లేవని పిల్లలున్నారు.

కాడోగన్ పుస్తకంలో నాకు బాధ కలిగించిన మాట ఒకటుంది. పిల్లల పెంపకాన్ని ఇన్నాళ్లూ ఆడవాళ్లకి వదిలేయడం ప్రాణాంతకమైందని, వాళ్లకి ఆ జ్ఞానం ఎక్కడుంటుందని రాశారు. అందుకని దాని వెంటనే జేన్ షార్ప్ పుస్తకం చదవండి. 1671 నాటిది. ముప్పై ఏళ్లకి పైగా మంత్రసాని పని చేశానని ముఖపత్రం మీదే వేయించుకుంది. ఇంగ్లండ్ మంత్రసానుల్ని అక్కచెల్లెళ్లని పిలిచి, చేతకాని చేతుల్లో ఆడవాళ్లు పడే కష్టాలు తలుచుకుని ఎన్నోసార్లు దిగులుగా కూర్చుండిపోయానంటుంది. ఆ వాక్యానికి ఎదురుగా, కుడివైపు, నా నైట్ డ్యూటీలో రక్తం ఆగక చనిపోయిన ఒక బాలింత మంచం నంబరు రాసుకున్నాను.