కీళ్లవాతం ఉన్నవాళ్లకు రక్తం తక్కువైతే: ఐరన్ గోలీకి ముందు చూడాల్సినవి

పత్తి ఏరేటప్పుడు నాలుగు సాళ్లకే ఆయాసం వస్తే 'వాతం ముదిరింది' అనుకుంటారు. రుమటాయిడ్ కీళ్లవాతంలో రక్తహీనత చాలా మామూలు, ఆ ఆయాసం దానివల్లే కావచ్చు. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా, మగవాళ్లకు 13 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే.

వెంటనే ఐరన్ గోలీలు కొనకండి. కీళ్లలో వాపు ఉన్నంతకాలం కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అది పేగుల నుంచి ఐరన్‌ను రక్తంలోకి రానివ్వదు, నిల్వ ఉన్నదాన్ని కదలనివ్వదు. గుమ్మిలో వడ్లున్నా తాళం పడ్డట్టే. ఇలాంటప్పుడు వాతం మందు సరిగా పనిచేసి వాపు తగ్గితేనే రక్తం పెరుగుతుంది.

సీబీపీ (రక్తకణాల పరీక్ష) కాగితంలో ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు, చూడండి. 80 కన్నా తక్కువైతే ముందు ఐరన్ లోటును, 100 దాటితే వాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు ప్రభావాన్ని, ఫోలిక్ యాసిడ్ లేదా బీ12 లోటును అనుమానించాలి. మధ్యలో ఉంటే వాపు వల్ల కావచ్చు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష), సీఆర్పీ (వాపు చెప్పే పరీక్ష) ఒకే రోజు చేయించండి. వాపులో ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి 60, 70 ఉన్నా ఐరన్ చాలినట్టు కాదు. ఫెరిటిన్ 100 లోపు ఉండి, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పేది) 20 శాతం కన్నా తక్కువైతే లోటు ఉన్నట్టే లెక్క. వాపు చూసే మరో పరీక్ష ఈఎస్ఆర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, రక్తం తగ్గినా అది పెరుగుతుంది.

లోటు ఉంటే ఐరన్ ఎటు పోతోందో వెతకాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు కడుపులో పుండు చేస్తాయి, స్టెరాయిడ్ తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. ఐరన్ వాడితే విరేచనం నల్లబడటం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం అది రక్తం.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. చదువురాని పెద్దవాళ్లుంటే ఆ ఒక్క రోజు గోలీలే చేతికిచ్చి, మిగతా పట్టీ దాచండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు, డాక్టర్ రాసినట్టే.

డాక్టర్ ఐరన్ రాస్తే పరగడుపున, నిమ్మరసం నీళ్లతో వేసుకోవాలి. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది, కడుపులో మంటా తక్కువ. గోలీకి గంట ముందు, రెండు గంటల తర్వాత వరకు చాయ్ వద్దు. స్టెరాయిడ్‌తో పాటు ఇచ్చే కాల్షియం గోలీ రాత్రికి మార్చండి, రెండూ కలిస్తే ఐరన్ ఒంటికి పట్టదు. కార్జం, పప్పు, పుంటికూర తినండి. తిండితోనే లోటు తీరుతుందని మాత్రం ఆగొద్దు. నెలకు హిమోగ్లోబిన్ 1 గ్రాము కూడా పెరగకపోతే వాపో, రక్తస్రావమో ఇంకా ఉందని అనుకోవాలి.

తారులాంటి విరేచనం, ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం, మెథోట్రెక్సేట్ వాడుతుండగా నోటిపూతతో జ్వరం: వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోవాలి. వాడుతున్న పట్టీలన్నీ, ఆరెంపీ పేరు రాయకుండా పొట్లంలో కట్టిచ్చిన గోలీలు సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.